పిడుగును, అంతర్జాలపు పెట్టెయు

ఎండకాలపు గాలివాన వెలిసిన మఱునాడు మన పట్టణములలోని మరమ్మతు దుకాణముల యొద్ద రౌటరులు చేతబట్టుకొని నిలుచువారిని చూచుచునే యున్నాము. "పిడుగు మా యింటిపై పడలేదు, ఎక్కడనో చెఱువుగట్టున తాటిచెట్టుపై పడినది, ఇది యేల చెడవలయును?" అని వారి యాశ్చర్యము. మీద పడినగాని కీడు లేదన్న యీ నమ్మకమే మన యిండ్లలోని యంత్రములను చెఱచుచున్నదని నా యభిప్రాయము.

మెఱుపునందలి ప్రవాహము సాధారణముగా 30,000 ఆంపియరుల వఱకు నుండును. సెకనులో లక్షల వంతులుగా లెక్కింపదగిన స్వల్పకాలమున నది యెగసి యణగును. అంత వేగముగా మాఱు ప్రవాహము చేరువనున్న పొడవైన లోహపు తీగలయందెల్ల విద్యుత్తును పుట్టించును. 1831లో ఫారడే కనుగొన్న సూత్ర మిదియే. పదవ తరగతి విద్యార్థులు వల్లించుచున్నదియు నిదియే. స్తంభముల మీదుగా సాగు కరెంటు తీగలు ఆ దెబ్బను దూరమునుండి మోసికొనివచ్చి మన గోడలోని ప్లగ్గునొద్ద దింపును. రౌటరు సాధారణముగా 12 వోల్టులతో బ్రతుకునట్టిది. దాని లోపలి చిప్పుల కంతకంటెను తక్కువ చాలును. వేల వోల్టులు మీదికి వచ్చినప్పుడు అది యేమగునో చెప్పనక్కఱలేదు.

"స్విచ్చి ఆర్పితిమి గదా" యందురు. మన గోడలలోని స్విచ్చి రెండు తీగలలో నొకదానిని మాత్రమే త్రెంచును. రెండవది యంత్రమునకు తగులుకొనియే యుండును. పైగా, మేఘమునుండి నేలవఱకు కిలోమీటర్ల గాలిని చీల్చుకొని వచ్చినదానికి స్విచ్చిలోని కొద్ది మిల్లీమీటర్ల సందు అడ్డమగునా? ప్లగ్గును ఊడదీయుటయే యుపాయము.

కొందఱు సర్జ్ ప్రొటెక్టరు అను పెట్టెను కొని, దాని యెఱ్ఱదీపమును చూచి నిశ్చింతగా నిద్రింతురు. ఆ పెట్టె వ్యర్థమని నేననను. కాని యది మీదికి వచ్చిన విద్యుత్తులో పెద్దపాలు ఎర్తు తీగద్వారా భూమిలోనికి మళ్లింపవలసినట్టిది. ఎర్తు లేని యింట నది సగము చచ్చినదే. ఉప్పును బొగ్గును వేసి యెన్నడో పూడ్చిన ఎర్తు గుంతలో నీరు పోయువారు మనలో నెందఱు? నేల మిక్కిలి యెండియుండునది వేసవిలో. గాలివానలు వచ్చునదియు నప్పుడే. అదిగాక, పెట్టె లోపలి బిళ్ల ప్రతి దెబ్బకును కొంత క్షీణించును. దీపము వెలుగుట కరెంటు వచ్చుచున్నదనుటకే గాని, రక్షణ నిలిచియున్నదనుటకు సాక్ష్యము గాదు.

ఉఱుము వినగానే అర్జునుని పేళ్లు తలచు పెద్దలను చూచి నేటి బాలురు నవ్వుదురు. ఐరోపాలో గాలివానవేళ పిడుగును తఱుముటకై దేవాలయముల గంటలు మ్రోగించు ఆచార ముండెడిది. 1784లో మ్యూనిచ్ నగరమున వెలువడిన యొక గ్రంథము ప్రకారము, 33 సంవత్సరములలో 386 గోపురములపై పిడుగులు పడి, 103 మంది గంట మ్రోగించువారు మృతినొందిరి. ఎఱ్ఱదీపమును నమ్ము మనకు వీరిని చూచి నవ్వు నధికారము లేదు.

ఇక రెండవ తీగ సంగతి. ప్లగ్గు తీసినవారును దీనిని మఱతురు. పాత టెలిఫోను తీగ, కేబులు టీవీ తీగ, రౌటరునుండి కంప్యూటరునకు పోవు లాన్ తీగ, ఇవన్నియు లోహములే. ఇరుగుపొరుగువారు ఒకే సంధానమును పంచుకొనుటకై మేడల మీదుగా లాన్ తీగను లాగుట మిక్కిలి చెడ్డ పద్ధతి. అది పిడుగు దెబ్బను రెండిండ్లకును సమానముగా పంచిపెట్టును. అచ్చట ఫైబరు తీగ వాడవలయును. గాజు విద్యుత్తును మోయదు. 2017 డిసెంబరు 27న ప్రారంభింపబడిన ఆంధ్రప్రదేశ్ ఫైబరు గ్రిడ్డు తీగలు విద్యుత్ స్తంభముల మీదుగనే పల్లెలకు చేరినను, ఆ గాజుపోగు వెంట పిడుగు రాదు. ఫైబరు వచ్చినది గదా యని ధీమాపడువారు మాత్రము, ఫైబరు పెట్టెకు కరెంటు ఎచ్చటినుండి వచ్చుచున్నదో యొకసారి చూడవలయును. కొన్ని ఫైబరు తీగలకు బలమునకై ఉక్కు తీగను గూడ జతచేయుదురు.

అన్నిటికంటె ముఖ్యమైనది వేఱొకటి కలదు. ఉఱుములు మొదలైన పిమ్మట "ఒరేయ్, వెళ్లి ప్లగ్గు తీయరా" యని పిల్లవానిని పంపు తల్లిదండ్రులు కలరు. ఆ క్షణమున ఆ ప్లగ్గును ముట్టుటయే యపాయము. మెఱుపునకును ఉఱుమునకును నడుమ 30 సెకనులకు లోబడియున్నచో పిడుగు ఇంచుమించు 10 కిలోమీటర్ల లోపలనే యున్నదని యర్థము. అప్పుడు యంత్రము పోయిన పోనిండు. రౌటరు మరల కొనవచ్చును. 2018 ఏప్రిల్ 24న ఆంధ్రప్రదేశ్‌లో 13 గంటలలో 36,749 పిడుగులు నమోదైనవి. ఆ యొక్కనాడే పలువురు ప్రాణములు గోల్పోయిరి. మబ్బు క్రమ్మునప్పుడే, విపత్తు నిర్వహణ సంస్థ హెచ్చరిక ఫోనునకు రాగానే, పెద్దలే లేచి రెండు తీగలను తీయవలయును. కడపటి ఉఱుము వినబడిన యరగంట వఱకు మరల తగిలింపరాదు. ఆ లోపల బ్యాటరీతో నడచు ఫోనును ఇంటిలో వాడుకొనుటకు భయములేదు. దానిని ఛార్జింగు తీగకు తగిలించి వాడరాదు.

వేసవి సెలవులకు ఊరికి పోవువారు గ్యాసు కట్టుదురు, కుళాయి బిగింతురు. గోడనున్న రౌటరును విడిచిపోవుదురు. మన పాఠశాలల కంప్యూటరు గదులకు పట్టు గతియు నిదియే. ఏప్రిల్ నెలాఖరున తాళము వేయునప్పుడు ప్రతి ప్లగ్గును, ప్రతి లాన్ తీగను ఊడదీసినట్లు ఒక పుస్తకమున వ్రాయించి, బాధ్యుడైన యుపాధ్యాయుని సంతకము పుచ్చుకొనిన పిమ్మటనే తాళపుచెవి కార్యాలయమున స్వీకరింపవలయునని ప్రధానోపాధ్యాయులకు నా మనవి.