వాయిదాలు తీరిన ఇంటికి కొత్త పద్దు

ఇంటి అప్పు పూర్తిగా తీరిన నెల మధ్యతరగతి కుటుంబ జీవితంలో ఒక పెద్ద మలుపు. ఇరవై ఏళ్ళపాటు జీతం చేతికి అందీ అందకముందే తన వంతు తీసుకుపోయిన నెలసరి వాయిదా ఒక్కసారిగా ఆగిపోతుంది. ఇంట్లో ఊరట, ఇరుగుపొరుగుల అభినందనలు సహజం. అయితే అలా మిగిలిన సొమ్మును ఏం చేయాలన్న ప్రశ్నకు చాలా కుటుంబాల వద్ద సమాధానం సిద్ధంగా ఉండదు. అప్పు చేసేనాడు పైసా పైసా లెక్క చూసుకున్నవారే, అప్పు తీరిననాడు లెక్కల పుస్తకం మూసివేస్తారు. ఈ ఏమరుపాటుకు ఎంత మూల్యం చెల్లించవలసి వస్తుందో ఉద్యోగ విరమణ తరువాత గానీ తెలిసిరాదు.

ఈ సమస్య పూర్వతరానికి లేదు. ‘ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు’ అన్న సామెత పుట్టిన కాలంలో సగటు ఉద్యోగి జీవితమంతా అద్దె ఇంట్లో గడిపి, విరమణ సమయంలో చేతికందిన భవిష్య నిధితో గూడు కట్టుకునేవాడు. ఆ తరువాత నెల నెలా పింఛను వచ్చేది. 1977లో హెచ్‌డీఎఫ్‌సీ, 1988లో జాతీయ గృహనిర్మాణ బ్యాంకు ఏర్పడిన తరువాత పరిస్థితి క్రమంగా మారింది. 1990ల సంస్కరణల అనంతరం బ్యాంకులు ఈ రంగంలో పోటీపడ్డాయి. ప్రభుత్వం గృహరుణ వడ్డీపై ఆదాయపు పన్ను మినహాయింపు ఇచ్చి ప్రోత్సహించింది. సొంత నివాసానికి ఆ పరిమితి 2014లో ఏటా రెండు లక్షల రూపాయలకు చేరింది. ఫలితంగా ముప్ఫయ్యేళ్ళకే ఇల్లు కొని, యాభై ఏళ్ళకు అప్పు తీర్చే తరం తయారైంది. ఇప్పుడు ఆఖరి వాయిదాలు కడుతున్నది ఆ తరమే.

సరిగ్గా ఈ తరానికే పింఛను భరోసా సన్నగిల్లింది. సైనిక దళాలు మినహా, 2004 జనవరి 1 తరువాత కేంద్ర ప్రభుత్వ కొలువులో చేరినవారికి పాత పింఛను విధానం వర్తించలేదు. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అదే ఏడాది సెప్టెంబరు 1 నుంచి కొత్త ఉద్యోగులకు భాగస్వామ్య పింఛను విధానం వచ్చింది. కేంద్ర ఉద్యోగుల కోసం ప్రవేశపెట్టిన ఏకీకృత పింఛను పథకం 2025 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చినా, పాతికేళ్ళ సర్వీసు నిండినవారికే అందులో సగటు మూలవేతనంలో సగం పింఛనుగా లభిస్తుంది. ప్రైవేటు ఉద్యోగుల పరిస్థితి మరీ దయనీయం. 1995 నాటి ఉద్యోగుల పింఛను పథకంలో 2014లో నిర్ణయించిన కనీస పింఛను నెలకు వెయ్యి రూపాయలు. తండ్రులకు ఇల్లు ఆలస్యంగా వచ్చినా పింఛను నిలిచింది. కొడుకులకు, కూతుళ్ళకు ఇల్లు ముందుగా వచ్చింది గాని పింఛను లేకుండాపోయింది. వాయిదా తీరిన తరువాత మిగిలే సొమ్ము విలువను ఈ వెలుగులోనే అర్థం చేసుకోవాలి.

వాయిదా నేర్పిన క్రమశిక్షణ

ముప్ఫై లక్షల రూపాయల రుణాన్ని 9 శాతం వడ్డీకి ఇరవై ఏళ్ళ గడువుతో తీసుకుంటే నెలసరి వాయిదా దాదాపు 27 వేల రూపాయలు. గడువు ముగిసేనాటికి బ్యాంకుకు చెల్లించే మొత్తం సుమారు 64 లక్షల 78 వేలు. అసలుకంటే వడ్డీయే ఎక్కువ. పైగా వడ్డీ రేట్లు స్థిరంగా ఉండవు. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి వరకు రిజర్వు బ్యాంకు రెపో రేటును 4 శాతం నుంచి 6.5 శాతానికి పెంచినప్పుడు, ఎందరో రుణగ్రస్తుల వాయిదాల గడువు వారికి తెలియకుండానే ఏళ్ళ తరబడి పొడిగింది. 2025లో రేట్లు తగ్గుముఖం పట్టాయి గాని, ఈ ఆటుపోట్లన్నీ తట్టుకుని అప్పు తీర్చడం సామాన్యమైన విషయం కాదు.

అంతటి భారం మోసిన కుటుంబానికి మిగిలిన అసలైన ఆస్తి నాలుగు గోడలు మాత్రమే కాదు. రాబడిలో మూడోవంతో నాలుగోవంతో లేకుండానే బతకగలిగిన అలవాటు కూడా. వాయిదా ఆగిన మరుసటి నెలే ఈ అలవాటుకు పరీక్ష మొదలవుతుంది. గిరి గీయని సొమ్ము ఇంటి ఖర్చులో ఉప్పులా కరిగిపోతుంది. ఆరు నెలలు గడిచేసరికి ఆ 27 వేలు ఎటు పోతున్నాయో ఇంటిల్లిపాదికీ అంతుచిక్కదు.

ఈ దశలో కుటుంబాలు చేసే పొరపాట్లు మూడు. మొదటిది, సొమ్మును ఇలా కరగనివ్వడం. రెండోది, ఒక వాయిదా తీరగానే మరో వాయిదాకు తలవంచడం. పెద్ద కారు, రెండో ఇల్లు, ఊరి చివర ప్లాటు అంటూ కొత్త అప్పు ఇంట అడుగుపెడుతుంది. మన నగరాలలో అద్దె ద్వారా వచ్చే రాబడి ఇంటి విలువతో పోలిస్తే చాలా తక్కువ. దానికోసం 8, 9 శాతం వడ్డీకి అప్పు చేసి, విరమణ దాటిన తరువాత కూడా వాయిదాలు కట్టడం వివేకం కాదు. మూడోది, దీనికి పూర్తిగా వ్యతిరేకమైనది: ఇరవై ఏళ్ళ పొదుపు మరిగి, అవసరమైన చోట కూడా రూపాయి ఖర్చుపెట్టలేకపోవడం. మొదటి రెండూ రేపటిని హరిస్తాయి. మూడోది నేటిని హరిస్తుంది.

ఇది కేవలం ఇంటింటి సమస్య కాదు. 2022-23లో దేశంలోని కుటుంబాల నికర ఆర్థిక పొదుపు స్థూల దేశీయోత్పత్తిలో 5.1 శాతానికి పడిపోయిందని రిజర్వు బ్యాంకు 2023 సెప్టెంబరులో ప్రకటించింది. అప్పటికి దాదాపు ఐదు దశాబ్దాలలో అది కనిష్ఠం. కుటుంబాలు అప్పుచేసి ఇళ్ళు, వాహనాలు కొంటున్నందునే అలా జరిగిందని, అది ఆందోళన చెందవలసిన పరిణామం కాదని ఆర్థిక మంత్రిత్వశాఖ వివరణ ఇచ్చింది. ఆ వివరణలో నిజం లేకపోలేదు. కాని నివసించే ఇంటిని విరమణ తరువాత ఇటుక ఇటుకగా అమ్ముకుని మందులు కొనుక్కోలేము. ఇల్లు ఆస్తే గాని, కిరాణా కొట్లో చెల్లే నాణెం కాదు.

మూడు భాగాల లెక్క

అందుచేత ఆఖరి వాయిదా చెల్లించిన మరుసటి నెలలోనే, జీతం పడిన రోజునే, ఆ సొమ్ముకు కొత్త పద్దు రాయడం అవసరం. 27 వేల వాయిదా తీరిన ఇంటిని ఉదాహరణగా తీసుకోవచ్చు. అందులో సగం, అంటే 13,500 రూపాయలు వృద్ధాప్యానికి కేటాయించి, ఏటా 7 శాతం రాబడి వచ్చే చోట దాచితే పదేళ్ళలో 23 లక్షలకు పైగా సమకూరుతుంది. ఇదే పని ఐదేళ్ళు ఆలస్యంగా మొదలుపెడితే పోగయ్యేది పది లక్షల లోపే. ఆలస్యమైన కాలం సగమే అయినా, నష్టం సగాన్ని మించిపోతుంది. చక్రవడ్డీ అప్పులో ఎంత క్రూరంగా పనిచేస్తుందో, పొదుపులో అంత ఉదారంగా పనిచేస్తుంది. నేడు నెలకు 50 వేలతో గడిచే ఇంటికి, ధరలు ఏటా 5 శాతం చొప్పున పెరిగితే పదేళ్ళకు 81 వేలు కావలసి ఉంటుందన్నది కూడా మరువరాదు.

ఎక్కడ దాచాలన్నది ముఖ్యమైన ప్రశ్నే. ప్రజా భవిష్య నిధి, జాతీయ పింఛను పథకం, బ్యాంకు డిపాజిట్లు, నష్టభయాన్ని భరించగల మేరకు మ్యూచువల్ ఫండ్లు అందుబాటులో ఉన్నాయి. అధిక వడ్డీ ఆశచూపే సంస్థల జోలికి వెళ్ళరాదని తెలుగువారికి ఎవరూ కొత్తగా చెప్పనక్కరలేదు. అగ్రిగోల్డ్ ఉదంతంలో లక్షలాది కుటుంబాలు ఆ పాఠం నేర్చుకున్నాయి. బ్యాంకులలో సైతం 2020 ఫిబ్రవరి నుంచి ఒక్కో డిపాజిటుదారుకు ఒక్కో బ్యాంకులో ఉన్న బీమా రక్షణ ఐదు లక్షల రూపాయలే.

మిగిలిన సగంలో సగం, నెలకు 6,750 రూపాయలు, ఆపద్ధర్మ నిధికి చేరాలి. వడ్డీని లెక్కలోకి తీసుకోకపోయినా నాలుగేళ్ళలో అది మూడు లక్షలు దాటుతుంది. అంటే 50 వేలతో గడిచే ఇంటికి ఆరు నెలల ఖర్చు. ఇరవై ఏళ్ళు దాటిన ఇంటికి శ్లాబు కారడం, గొట్టాలు మార్చడం, రంగులు వేయడం వంటి ఖర్చులు తప్పవు. ఉద్యోగ సంస్థ ఇచ్చే సామూహిక ఆరోగ్య బీమా చాలాచోట్ల ఉద్యోగంతోనే ముగుస్తుంది. ఆదాయంతో నిమిత్తం లేకుండా ఐదు లక్షల వరకు ఉచిత వైద్యం అందించేలా ఆయుష్మాన్ భారత్‌ను కేంద్రం 2024 అక్టోబరులో విస్తరించినా, అది 70 ఏళ్ళు నిండినవారికే. అరవైకి, డెబ్భైకి మధ్య ఉన్న ఆ పదేళ్ళను కుటుంబమే దాటాలి. వ్యక్తిగత ఆరోగ్య బీమాపై 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ తొలగించడం కొంత వెసులుబాటు. ఆ ప్రీమియం కూడా ఇందులోంచే కడితే నిధి కొంత ఆలస్యంగా నిండుతుంది, అంతే.

మిగిలిన 6,750 రూపాయలు జీవించడానికి. ఏడాదికి ఇది 81 వేలు. ఈ పద్దును దుబారాగా చూసే ధోరణి మన సమాజంలో బలంగా ఉంది. అది సరికాదు. వాయిదాల కాలంలో ప్రతి ఇంటా కొన్ని కోరికలు వాయిదా పడ్డాయి. ఆగిపోయిన చదువు, మానేసిన సంగీతం, పదేపదే మరుసటి ఏటికి జరిగిన కాశీయాత్ర, చూడాలనుకున్న అరకు లోయ వాటిలో ఉంటాయి. అందులోనూ ఇల్లాలి కోరికలే ముందుగా అటకెక్కాయన్నది కాదనలేని నిజం. అలిపిరి మెట్లు మోకాళ్ళు సహకరించే వయసులోనే ఎక్కాలి. డబ్బును వడ్డీతో సహా భద్రపరచే బ్యాంకులున్నాయి గాని, ఆరోగ్యాన్ని డిపాజిట్ చేసుకునే బ్యాంకు లేదు. ముందుగా కేటాయించి చేసే ఖర్చు దుబారా కాదు; లెక్క లేకుండా జారిపోయేదే దుబారా.

అందరికీ ఒకే కొలత కాదు

సగం, పావు, పావు అన్న ఈ విభజన శిలాశాసనమేమీ కాదు. అప్పు తీరే వేళకే పిల్లల కళాశాల ఫీజులు, కన్నవారి వైద్యఖర్చులు మీదపడిన కుటుంబాలకు వాయిదా సొమ్ము ఆ అవసరాలకే సరిపోవచ్చు. పింఛను భరోసా ఉన్నవారు సుఖానికి మరికొంత కేటాయించుకోవచ్చు. చిన్న వ్యాపారులకు నెలవారీ రాబడి నిలకడగా ఉండదు గనుక ఆపద్ధర్మ నిధే పెద్దదిగా ఉండాలి. పాళ్ళు మారవచ్చు. మూడు పద్దులలో ఏ ఒక్కటీ సున్నా కాకుండా చూసుకోవడమే ప్రధానం. అతి తక్కువైనా సరే, ప్రతి పద్దులోనూ నెల నెలా ఎంతో కొంత పడాలి.

కాగితాల విషయంలోనూ శ్రద్ధ అవసరం. రుణం పూర్తిగా తీరిన 30 రోజులలోగా దస్తావేజుల అసలు ప్రతులు తిరిగి ఇవ్వాలని, జాప్యం తమవల్ల జరిగితే రోజుకు 5 వేల రూపాయల చొప్పున పరిహారం చెల్లించాలని రుణసంస్థలను రిజర్వు బ్యాంకు ఆదేశించింది. 2023 డిసెంబరు 1 తరువాత దస్తావేజులు విడుదల చేయవలసిన రుణాలన్నిటికీ ఇది వర్తిస్తుంది. బాకీ లేదన్న ధ్రువపత్రం తీసుకోవడం, సబ్ రిజిస్ట్రార్ కార్యాలయ రికార్డులలో తనఖా రద్దయినదీ లేనిదీ చూసుకోవడం, అప్పుతో ముడిపెట్టిన ఇంటి బీమా ఆగిపోతే కొత్తది తీసుకోవడం యజమాని బాధ్యత.

ప్రభుత్వ బాధ్యత కూడా లేకపోలేదు. 2023-24 నుంచి డిఫాల్టుగా అమలవుతున్న కొత్త పన్ను విధానంలో సొంత నివాసంపై వడ్డీ మినహాయింపు గాని, భవిష్య నిధి వంటి పొదుపులకు పాత మినహాయింపు గాని లేదు. మూడు దశాబ్దాలపాటు అప్పు చేసి ఇల్లు కొనుక్కోమని ప్రోత్సహించిన రాజ్యం, ఆ అప్పు తీర్చినవారికి పొదుపు చేయడానికి చెప్పుకోదగ్గ ప్రోత్సాహమేదీ మిగల్చలేదు. పింఛను లేని తరం వృద్ధాప్యంలోకి అడుగుపెట్టకముందే ఈ లోపాన్ని సరిదిద్దాలి.

అంతవరకు కుటుంబాలు వేచి ఉండలేవు. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలన్నారు పెద్దలు. సంపాదన ఉన్న ఆ ఎనిమిది, పదేళ్ళే దీపమున్న కాలం. ఇరవై ఏళ్ళు బ్యాంకుకు తప్పకుండా చెల్లించినవారు, ఇకపై అంతే నిష్ఠతో తమకు తాము చెల్లించుకోవాలి. ఆ చెల్లింపులో రేపటి అన్నానికి ఎంత చోటు ఉండాలో, నేటి ఆనందానికి కూడా అంత న్యాయమైన చోటు ఉండాలి.