కులానికి మతం ముద్ర ఎందుకు?

మతాన్ని రాజకీయాల నుంచి వేరు చేయాలని చాలామంది అంటారు. పట్నా సర్జన్ డాక్టర్ ఎజాజ్ అలీ ఆ మాటను నేరుగా ఎస్సీ జాబితాకు వర్తింపజేశారు. 1994లో ఆలిండియా బ్యాక్‌వర్డ్ ముస్లిం మోర్చా స్థాపించి, ఆ జాబితాలోని మత నిబంధన తొలగించాలని ఉద్యమించారు. ముస్లింలందరికీ కలిపి రిజర్వేషన్ అడిగే సొంత సమాజం నాయకులతోనూ విభేదించారు.

1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా ఎస్సీ హోదాను హిందువులకు ముడిపెట్టింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. ఈ నిబంధన ఎత్తేయాలని 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ సిఫార్సు చేసినా కేంద్రం అంగీకరించలేదు. 2022లో జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ కమిషన్ వేసింది.

మన రాష్ట్రంలో మెహతర్లు ఎస్సీలు. ముస్లిం మెహతర్లు మాత్రం బీసీలు. చేతిలో చీపురు అదే, కాగితం మీద కులం వేరు!

విశాఖ ఉక్కు, పోర్టు కేంద్ర సంస్థలు. చర్చికి వెళ్లే మాల, మాదిగ యువకులు అక్కడ ఎస్సీ కోటాలో పోటీ పడలేరు. 1977 నాటి జీవో 341 రాయితీలు రాష్ట్ర సంక్షేమ పథకాల వరకే. రక్షణ చట్టం సంగతీ అంతే. మతం మారినవారికి అట్రాసిటీ చట్టం వర్తించదని 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తీర్పిచ్చింది. కులం పేరుతో తిట్టేవాడు మతం అడిగి తిడతాడా?

2023 మార్చిలో మన అసెంబ్లీ దళిత క్రైస్తవుల కోసం తీర్మానం చేసింది. మంచిదే. కానీ అందులో దళిత ముస్లింలు లేరు. ఒక్కో మతాన్నీ చేర్చుకుంటూ పోతే, ఎవరు దళితులో తేల్చే అధికారం మతం చేతిలోనే ఉంటుంది. ఆ పేరానే తీసేయాలన్న ఎజాజ్ అలీ డిమాండ్ బలం ఇక్కడే ఉంది.

కోటా పంచుకోవాల్సి వస్తుందన్న భయం మన వాడల్లో ఉంది. దాన్ని తీసిపారేయలేం. కొత్తగా చేరేవారి జనాభాకు తగ్గట్టు వాటా పెంచాలని కూడా మనం కలిసి అడగాలి. 2021 జనవరిలో కేంద్రం ఉక్కు కర్మాగారాన్ని నూరు శాతం అమ్మాలని నిర్ణయించింది. ప్రైవేటు చేతికి వెళ్తే అక్కడ రిజర్వేషనే ఉండదు. అప్పుడు గుడికి వెళ్లే దళితుడూ, చర్చికి వెళ్లే దళితుడూ, మసీదుకు వెళ్లే దళితుడూ ఒకే గేటు బయట నిలబడతారు. ఆ రోజు రాకముందే ఒకే జెండా కింద నిలబడదాం.