సీసా నీళ్ల పరీక్షను నమ్మి ఊరుకోవద్దు

పత్తికి, మిర్చికి మందు కొట్టిన తైవాన్ పంపును వాగులోనో, చెరువు తూము దగ్గరో కడగడం ఈ రోజే మానాలి. ఖాళీ మందు డబ్బాలో తాగే నీళ్లు పట్టొద్దు. అనుమానమున్న నీళ్లను కాచి తాగితే చాలనుకోవద్దు. కాస్తే క్రిములు చస్తాయి, పురుగుమందు పోతుందన్న భరోసా లేదు.

ఊరికే భయపెట్టడం కాదిది. 2023 జులైలో మోరంచవాగు భూపాలపల్లి జిల్లాలోని మోరంచపల్లిని ముంచేసింది. 2024 సెప్టెంబరు మొదట్లో మహబూబాబాద్ జిల్లాలో ఆకేరు పొంగింది, కేసముద్రం దగ్గర రైలు పట్టాల కింది కట్ట కొట్టుకుపోయింది. కట్టనే కోసిన నీళ్లు చేలల్లోని మందును, కొట్టాల్లో దాచిన డబ్బాలను వదిలేస్తాయా?

వరద తీశాక సీసాలో నీళ్లు పట్టి ల్యాబుకు పంపుతారు. ఆ సీసా చెప్పేది ఆ గడియ సంగతే. మందు ఎక్కువగా పారిన రాత్రి గురించి దానికేం తెలుసు?

అందుకే పాలిమర్ పొరలు కావాలి. పలచటి పాలిథీన్ లేదా సిలికాన్ రబ్బరు ముక్కను జాలిలో పెట్టి వారాల తరబడి నీళ్లలో ఉంచుతారు. కరెంటు అక్కర్లేదు. క్లోర్‌పైరిఫాస్, ప్రొఫెనోఫాస్ లాంటి, నీటిలో సరిగా కరగని మందులు మెల్లగా పొరలోకి చేరతాయి. వాటిని ల్యాబులో బయటికి తీసి కొలిచి, అన్ని రోజుల్లో నీటిలో సగటున ఎంత ఉందో లెక్కగడతారు. వాగు ఉరవడిని బట్టి పొర పట్టే వేగం మారుతుంది కాబట్టి, దించేముందే కొన్ని తెలిసిన రసాయనాలను అందులో ఎక్కించి, అవి ఎంత తరిగాయో చూసి లెక్క సరిచేస్తారు.

అయితే మెలిక ఒకటుంది. మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు నీళ్లలో ఇట్టే కరుగుతుంది, పాలిథీన్‌కు చిక్కదు. తాగునీటిలో దానికి భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) ఐఎస్ 10500 ప్రమాణంలో పెట్టిన హద్దు లీటరుకు 1 మైక్రోగ్రాము మాత్రమే. దాన్ని పట్టడానికి వేరే రకం పదార్థం నింపిన పరికరం కావాలి. కనుక ‘ఏమీ దొరకలేదు’ అని ఏ అధికారైనా అంటే, ఏ మందు కోసం, దేనితో వెతికారని నిలదీయండి.

జనగామ చెరువుల్లో, ఆకేరులో, మోరంచవాగులో తొలకరి నుంచి మత్తళ్లు దుంకేదాకా రెండు రకాల పరికరాలూ ఉండాలి. ఏ మందు, ఎంత, హద్దెంత అన్నది పంచాయతీ గోడ మీద తెలుగులో రాయాలి. అంతదాకా చేనుకు పోయేవాళ్లు వాగు చెలిమెల నీళ్లు తాగకుండా, ఇంటి దగ్గర మిషన్ భగీరథ నల్లా నీళ్లే పట్టుకుపోండి.