యంత్రానికి హామీ ఎవరిది?

రైల్వేలో గాని, తపాలా శాఖలో గాని ఒక భారీ యంత్రం కొన్న ప్రతిసారీ ఒక ప్రశ్న ఎదురవుతూ ఉంటుంది. తయారీదారు మొదట ఇచ్చిన వారంటీ ముగిసిన పిమ్మట, అదనపు సొమ్ము చెల్లించి దానిని మరికొన్ని సంవత్సరాలు పొడిగించుకోవలెనా, వద్దా? ఇది స్టోర్స్ విభాగమూ, అకౌంట్స్ విభాగమూ చూసుకొనే వ్యవహారమని మనలో అనేకుల అభిప్రాయం. ఆ అభిప్రాయం పొరపాటు. ఆ కాగితంపై పడే ఒక్క సంతకంతో, రేపు షెడ్డులో ఎవరి చేయి పని చేయవలెనో, ఎవరి చేయి కట్టుబడి ఉండవలెనో కూడ నిర్ణయమైపోతుంది.

రైలుమార్గంపై పనిచేసే టాంపింగ్ యంత్రాన్నే తీసుకొందాం. పట్టాలను సరియైన మట్టానికి ఎత్తి, స్లీపర్ల కింద కంకరను గట్టిపరచే యంత్రమిది. ఇటువంటి యంత్రాలు చెడిపోవడంలో సాధారణంగా ఒక క్రమం కనిపిస్తుంది. కొత్తలో తయారీ లోపాలు, బిగింపు లోపాలు బయటపడతాయి. తర్వాత చాలాకాలం యంత్రం నిలకడగా పనిచేస్తుంది. చివరకు అరుగుదల ముదిరి మరమ్మతులు మళ్లీ పెరుగుతాయి. మొదటి దశకు వారంటీ యంత్రం ధరలోనే కలిసి వస్తుంది. పొడిగింపు పేరిట మనకు అమ్మజూపేది ఎక్కువగా నిలకడైన మధ్యకాలానికి భరోసా! యంత్రానికి వార్ధక్యం వచ్చేనాటికి ఆ గడువు తీరిపోతుంది. గడువు లోపల సైతం, కంకరలో దిగి అరిగిపోయే టైన్లు, ఫిల్టర్లు, హోస్ పైపులు, బెల్టులు సాధారణంగా వారంటీ పరిధిలోకి రావు.

నా అనుభవంలోని ఒక ఉదంతం మనవి చేస్తాను. చాలా సంవత్సరాల క్రితం ఒక డిపోలో, పొడిగించిన వారంటీలో ఉన్న యంత్రానికి హైడ్రాలిక్ పంపు దెబ్బతిన్నది. మన ఫిట్టరు మొదటి రోజుననే లోపం ఎక్కడున్నదో చెప్పాడు. కాని సీలు విప్పితే వారంటీ రద్దవుతుందని అధికారులు అతని చేతులు కట్టివేశారు. కంపెనీ ఇంజనీరు తొమ్మిది రోజులకు వచ్చాడు. పంపు కంటె ముందు లాగ్ బుక్కు తిరగవేశాడు. ఆయిలు మార్పు నిర్ణీత గంటలకు జరగలేదని చెప్పి, బాధ్యత కంపెనీది కాదని వ్రాసి వెళ్లిపోయాడు. ఆయిలు సకాలంలో సరఫరా కాని మాట లాగ్ బుక్కులో ఎవరూ వ్రాయలేదు. ఆ తొమ్మిది రోజులూ యంత్రం సైడింగులో నిలిచిపోయింది. ఆ సెక్షన్‌లో రైళ్ల వేగంపై ఆంక్ష కొనసాగింది. గ్యాంగ్ కార్మికులు ఎండలో బీటర్లతో కంకర కొట్టారు. చివరకు ఆ పంపును బాగుచేసినవాడు మొదటి రోజున లోపం కనిపెట్టిన ఫిట్టరే. వారంటీకి చెల్లించిన సొమ్ము మాత్రం తిరిగి రాలేదు.

ఇంతమాత్రాన పొడిగింపే కూడదని మన వాదం కాదు. నేటి యంత్రాలలో కంట్రోల్ కార్డులు, సాఫ్ట్‌వేర్ తయారీదారు వద్ద తప్ప దొరకని పరిస్థితి ఉన్నది. ఒక్క కార్డు పోయినా కోట్ల విలువైన యంత్రం నిలిచిపోవచ్చు. మన చేతికి అందని అటువంటి భాగాలకు భరోసా కొనడం వివేకమే. మన చేతిలో ఉన్న పనిని సొమ్మిచ్చి పరుల చేతిలో పెట్టడం వివేకం కాదు.

దాహోద్‌లో తయారయ్యే 9000 హార్స్‌పవర్ విద్యుత్ ఇంజన్ల ఒప్పందం ఈ సందర్భంలో గమనింపదగినది. 2023లో సీమెన్స్ సంస్థతో కుదిరిన ఈ ఒప్పందం ప్రకారం 1200 ఇంజన్లకు 35 సంవత్సరాల నిర్వహణ బాధ్యత ఆ సంస్థదే. నిర్వహణకు ఎంచుకొన్న నాలుగు డిపోలలో రాయ్‌పూర్, ఖరగ్‌పూర్, పుణెలతో పాటు మన విశాఖపట్నం కూడ ఉన్నది. పని చేసేది రైల్వే సిబ్బందేనని ప్రభుత్వం ప్రకటించింది, సంతోషం. కాని 35 ఏళ్లంటే ఒక టెక్నీషియన్ ఉద్యోగంలో చేరి పదవీ విరమణ చేసేటంత కాలం. ఆ కాలమంతా అతడు ఇతరులు చెప్పిన నట్టు బిగించే చేయిగా మిగులుతాడా, లోపాన్ని తానే పసిగట్టే నిపుణుడుగా ఎదుగుతాడా అన్నదే అసలు ప్రశ్న.

తపాలా సోదరులకు కూడ ఇదే వర్తిస్తుంది. సార్టింగ్ యంత్రం ఆగినంత మాత్రాన సంచులు రావడం ఆగదు. మెకానిక్ వచ్చేవరకు ఆ టపాను పంపిణీకి సిద్ధం చేయవలసింది సార్టర్లే. యంత్రం ఆగిన గంటలకు నష్టపరిహారం లేని ఒప్పందం, ఆ భారాన్ని మౌనంగా వారి భుజాలపై మోపుతుంది.

కనుక సంతకానికి ముందు ఈ క్రింది ప్రశ్నలకు వ్రాతపూర్వకమైన సమాధానాలు కోరవలెను.

1. అదే రకం యంత్రాల గత ఐదేళ్ల మరమ్మతు రిజిస్టరు ఏమి చెబుతున్నది? పొడిగింపుకు 20 లక్షలు అడుగుతూ, దాని పరిధిలోకి వచ్చే మరమ్మతులు రిజిస్టరు ప్రకారం 8 లక్షలే అయితే, మిగిలిన 12 లక్షలు దేనికి?

2. గడువును తేదీలతో లెక్కిస్తారా, పనిచేసిన గంటలతోనా? ట్రాఫిక్ బ్లాక్ దొరికితేనే పనిచేసే యంత్రానికి, ఊరక నిలబడిన రోజులు కూడ గడువులో కరిగిపోతాయి.

3. లోపం ఎవరిదో తేల్చేది ఎవరు? ఎన్ని గంటలలో రావలెను? విడిభాగాలు ఏ ఊరిలో నిల్వ ఉంటాయి? ఆలస్యానికి జరిమానా ఎంత?

4. మన సిబ్బందికి డ్రాయింగులు, శిక్షణ ఇస్తారా? ప్రయాగ్‌రాజ్‌లో ట్రాక్ యంత్రాల శిక్షణ కేంద్రం మనకు ఉండనే ఉన్నది. అక్కడ నేర్చిన విద్య డిపోలో సీలు వద్ద ఆగిపోరాదు.

ఈ నాలుగింటికి సమాధానం చెప్పగలవారు ఫిట్టర్లు, ఆపరేటర్లు, సార్టర్లు. కాని వారిని అడిగే ఆచారం మాత్రం లేదు. శాఖా కార్యదర్శులు ఈ అంశాన్ని రైల్వేలో పి.ఎన్.ఎం. సమావేశాలలోను, తపాలాలో అధికారులతో జరిపే చర్చలలోను తప్పక లేవనెత్తవలెనని విజ్ఞప్తి. అంతకంటె ముందు, ప్రతి లోపాన్నీ, ప్రతి ఆలస్యాన్నీ, సరఫరా కాని ప్రతి ఆయిలు డబ్బానూ తేదీతో సహా లాగ్ బుక్కులో నమోదు చేయడం మనమే అలవాటు చేసుకోవలెను. కంపెనీవాడు మొదట తెరిచేది ఆ పుస్తకమే. మనం కూడ దానితోనే మొదలుపెడదాం.