పాత స్పీకర్లు, ఇంటి రికార్డింగు



ఈ రోజుల్లో ఇంట్లో పాటలు రికార్డు చేసుకోవడం గగనకుసుమం కాదు. ఒక కంప్యూటరు, ఒక మైకు, ఆ రెంటినీ కలిపే ఆడియో ఇంటర్‌ఫేస్ అనే చిన్న పెట్టె ఉంటే పడకగదే స్టూడియో అవుతుంది. అయితే పాడినది తిరిగి వినడానికి స్పీకర్లు కావాలి గదా! మన ఇళ్లలో చాలాచోట్ల అటక మీదనో, షోకేసు పక్కనో పాత స్టీరియో స్పీకర్ల జత ఒకటి ఉంటుంది. ఇంటి పెద్ద ఎప్పుడో ముచ్చటపడి కొన్నవి. "ఇవి ఉండగా డబ్బు దండగ ఎందుకు?" అంటారు పెద్దలు. "వీటిని తగిలిస్తే ఏదైనా కాలిపోతుందేమో" అంటారు పిల్లలు. ఇద్దరి మాటలోనూ సత్యం ఉంది గనుక ఈ నెల మనం దీన్ని గురించే మాట్లాడుకుందాం.

ఆ పాత పెట్టెలను పాసివ్ స్పీకర్లు అంటారు. అంటే వాటి లోపల ఆంప్లిఫయర్ ఉండదు, కరెంటు తీగ ఉండదు. వెనుక ఎర్రది ఒకటి, నల్లది ఒకటి, రెండు బిగింపులు మాత్రమే ఉంటాయి. ఇంటర్‌ఫేస్ నుండి బయటికి వచ్చే శబ్దపు కరెంటు ఇంచుమించు ఒక వోల్టు, అదీ ఎంతో బలహీనమైనది. 8 ఓమ్‌ల స్పీకరుకు 50 వాట్లు అందాలంటే 20 వోల్టులు, రెండున్నర ఆంపియర్లు కావాలి. ఇంటర్‌ఫేస్‌కుగానీ, దాని హెడ్‌ఫోన్ రంధ్రానికిగానీ స్పీకరును నేరుగా తగిలిస్తే దోమ మూలిగినట్లు వినబడుతుంది, లేదా అసలే వినబడదు. గనుక మధ్యలో ఆంప్లిఫయర్ తప్పనిసరి.

వాట్ల మాట వచ్చింది కాబట్టి ఒక సంగతి. మన ఆబిడ్స్‌లోని చిరాగ్ అలీ లేన్‌లో 1930లలో మహబూబ్ అలీ అనే తపాలా తంతి శాఖ ఉద్యోగి ఒక చిన్న రేడియో కేంద్రం నడిపారు. దాని శక్తి 200 వాట్లు. దానినే నిజాం ప్రభుత్వం చేపట్టగా 1935లో దక్కన్ రేడియో అయింది, 1950లో ఆకాశవాణిలో చేరింది. నగరానికి పాట వినిపించడానికి ఆనాడు 200 వాట్లతో మొదలుపెట్టారు. ఈనాడు బల్ల మీద పట్టే మ్యూజిక్ సిస్టమ్ అట్టపెట్టె మీద వేలకు వేలు వాట్లని అచ్చు వేస్తున్నారు! పి.ఎం.పి.ఓ. అని రాసిన అంకెను నమ్మకండి. ఆర్.ఎం.ఎస్. అని రాసినదే అసలు లెక్క. పదడుగుల గదిలో విని సరిచూసుకోవడానికి ఒక్కో స్పీకరుకు 30 నుండి 50 వాట్లు ఎక్కువే.

ఇక కలిపే విధానం. ఇంటర్‌ఫేస్ వెనుక లైన్ అవుట్ అని రెండు రంధ్రాలు ఉంటాయి, ఒకటి ఎడమకు, ఒకటి కుడికి. ఒక చివర పావు అంగుళం జాక్, మరో చివర ఆర్.సి.ఎ. పిన్ను ఉన్న తీగలు రెండు తీసుకుని ఆంప్లిఫయర్ వెనుక ఆక్స్ అని గానీ, సిడి, టేప్ అని గానీ రాసిన చోట పెట్టాలి. ఫోనో అని రాసినచోట మాత్రం పెట్టకూడదు. అది గ్రామఫోను రికార్డుల కోసం ఏర్పరచినది. శబ్దాన్ని ఇంచుమించు వంద రెట్లు పెంచి, అడుగు స్వరాన్ని ఇంకా పెంచుతుంది. పాట గరగరలాడిపోతుంది.

ఆంప్లిఫయర్ నుండి స్పీకరుకు వెళ్లే తీగ వేరు రకం. మైకు తీగలు, గిటారు తీగలు సన్నగా ఉంటాయి, అవి ఇక్కడ పనికిరావు. చదరపు మిల్లీమీటరున్నర మందం గల మామూలు రెండు పోగుల రాగి తీగ చాలు. ఆబిడ్స్ నుండి కోఠీ వైపు నడిస్తే ట్రూప్ బజార్‌లో మీటర్ల లెక్కన కొలిచి ఇస్తారు. ఇంకొంచెం ముందుకు వెళ్తే గుజరాతీ గల్లీలో పిన్నులు, జాక్‌లు దొరుకుతాయి. బంగారు పూత తీగలని వేలు పోయనక్కరలేదు, మీ చెవికి తేడా తెలియదు. ఆదివారం మాత్రం వెళ్లకండి. ఆబిడ్స్‌లో దుకాణాలు చాలావరకు మూసి ఉంటాయి, వాటి ముందు పాత పుస్తకాలే దొరుకుతాయి. తీగ కోసం వెళ్లినవారు సంచీ నిండా పుస్తకాలతో తిరిగి వస్తారు.

తీగ చివర రాగి పోగులు విడివిడిగా ఉండక గట్టిగా మెలితిప్పాలి. ఒక్క పోగు పక్క బిగింపును తాకినా ఆంప్లిఫయర్ కాలిపోవచ్చు. ఎర్రది ఎర్రదానికి, నల్లది నల్లదానికి. ఒక స్పీకరుకు ఇవి తారుమారైతే ఏమీ కాలదు గానీ, ఒకటి ముందుకు తోస్తుంటే మరొకటి వెనక్కి లాగుతుంది. డోలక్కు, బేస్ గిటారు మాయమైనట్లు వినబడతాయి. పాడినవాడిదే లోపమనుకుని మళ్లీ మళ్లీ పాడించేవారు ఉన్నారు! రంగు గుర్తులు చెరిగిపోయి ఉంటే, ఒకటిన్నర వోల్టు టార్చిలైటు బ్యాటరీ ఒక్క క్షణం ఆనించి చూడండి. బ్యాటరీ ప్లస్ తాకినప్పుడు కాగితపు కోన్ బయటికి కదిలితే అదే ఎర్ర బిగింపు.

స్పీకరు వెనుక ఓమ్‌ల అంకె కూడా చూడాలి. 8 ఓమ్‌లవి రెండు ఒకే బిగింపుకు పక్కపక్కన తగిలిస్తే 4 ఓమ్‌లవుతాయి. ఆంప్లిఫయర్ 4 ఓమ్‌లు భరిస్తుందని రాసి లేకపోతే అలా చేయవద్దు.

మన యువకులు తరచుగా చేసే పని ఒకటుంది. చర్చి హాలులో మార్చి పక్కన పడేసిన కాలమ్ స్పీకర్లో, హారన్‌లో ఇంటికి తెచ్చుకుంటారు. నాంపల్లి నుమాయిష్‌లో తప్పిపోయిన పిల్లల పేర్లు మైకులో చెప్పడం మీరు వినే ఉంటారు. అటువంటి పెద్ద ఆవరణల్లో తీగ వందల అడుగులు సాగాలి గనుక సాధారణంగా 100 వోల్టుల పద్ధతి వాడతారు, స్పీకరులోనే చిన్న ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది. ఇంటి ఆంప్లిఫయర్‌కు తగిలిస్తే అవి సరిగా పలకవు. పైగా ప్రసంగం స్పష్టంగా వినిపించడానికి చేసినవి కాబట్టి పాటలోని అడుగు స్వరం వాటిలో రాదు. వాటిని హాలులోనే ఉంచండి.

అన్నీ సరిగా కలిపాక కూడా పాత స్పీకర్లు మనకు పూర్తి నిజం చెప్పవు. వినసొంపుగా ఉండాలని వాటిని చేసినవారు అడుగు స్వరం, పై స్వరం కొంచెం పెంచి ఉంటారు. గనుక ఆంప్లిఫయర్ మీది బేస్, ట్రెబుల్ మధ్యలో ఉంచి, లౌడ్‌నెస్ బొత్తాము తీసివేసి వినాలి. కోన్ చుట్టూ ఉన్న స్పాంజి అంచు పదిహేను ఇరవై ఏళ్లకు పొడిపొడిగా రాలిపోతుంది. వేలితో మెల్లగా తాకి చూడండి. రాలితే అంచు మార్పించాలి.

ఎనభై ఏళ్ల అమ్మమ్మ పాత రాగాల్లో పాడే పాటలు దాచుకోవాలని కొన్ని కుటుంబాలు ఇప్పుడు పూనుకుంటున్నాయి. ఆ గొంతును రెండవసారి పట్టుకునే అవకాశం ఉండకపోవచ్చు. అడుగు స్వరం పెంచే స్పీకర్లలో విని, గొంతు మరీ బరువుగా ఉందని తగ్గించేస్తే, మిగిలేది పలచబడిన గొంతు. అందుచేత మార్పులు చేయని అసలు ఫైలు ఒకటి విడిగా భద్రపరచండి. మార్చినదాన్ని స్పీకర్లలోనే గాక హెడ్‌ఫోనులోనూ, సెల్‌ఫోనులోనూ విని చూడండి. పెద్దావిడ పాడుతున్నంతసేపు మాత్రం స్పీకర్లు ఆపేసి హెడ్‌ఫోను వాడాలి. లేదంటే స్పీకరు శబ్దం మైకులోకి తిరిగి వెళ్లి కూత పెడుతుంది.

ఇంట్లో ఆంప్లిఫయర్ ఉంటే పాత స్పీకర్లు తప్పక వాడుకోండి. ఆంప్లిఫయర్ కూడా కొనవలసి వస్తే, ఆ డబ్బుకు మరికొంత కలిపి ఆంప్లిఫయర్ లోపలే ఉన్న చిన్న మానిటర్ స్పీకర్లు తీసుకోవడం మేలని మా అభిప్రాయం. దుకాణానికి వెళ్లేముందు మీ స్పీకర్ల వెనుక అంకెలను, ఇంటర్‌ఫేస్ వెనుక రంధ్రాలను ఫోనులో ఫోటో తీసుకుని వెళ్లండి. తెచ్చి కలిపాక కంప్యూటరు, ఇంటర్‌ఫేస్ ముందు వేసి, ఆంప్లిఫయర్‌ను చివరన, వాల్యూము సున్నాలో పెట్టి వేయండి. ఆపేటప్పుడు ముందుగా ఆంప్లిఫయర్‌నే ఆపండి. ఒకవేళ సన్నగా హుమ్మని మోత వస్తే, అన్నిటినీ ఒకే ప్లగ్గు బోర్డుకు పెట్టి చూడండి.