తమ్ముణ్ణి ఎవరు ఎత్తుకోవాలి?

ఈ సోమవారం పొద్దున పదిన్నరకు గచ్చిబౌలిలోని మా అపార్ట్‌మెంట్ మెట్ల మీద తొమ్మిదేళ్ల పిల్ల ఒకతి కూర్చుని ఉంది. ఒళ్లో ఏడాదిన్నర తమ్ముడు. తల్లి మూడో అంతస్తులో అంట్లు తోముతోంది. బడికి ఎందుకు పోలేదే అని అడిగితే వాణ్ణి చూపించింది.

తల్లి కిందికి దిగాక కొంచెం కొంచెంగా చెప్పింది. పాలమూరు వైపు నుంచి వచ్చారు. భర్తకు నానక్‌రామ్‌గూడలో సెంట్రింగ్ పని. పిల్లను బడికి తీసుకెళ్లిందట కూడా. "సారు మంచోడే అమ్మా. టీసీ తెమ్మన్నడు. ఊరికి పోయి తేవాలంటే రెండు రోజుల పని పోతది. ఆధార్ల పేరు ఇంకో తీరుగ పడ్డది. అన్నీ అయినా, ఇది బడికి పోతే పిలగాన్ని ఎవరు పట్టాలె?"

విద్యాహక్కు చట్టం అమల్లోకి వచ్చింది 2010 ఏప్రిల్ 1న. టీసీ ఆలస్యమైందని పిల్లలను చేర్చుకోకుండా ఆపకూడదని అందులో ఐదో సెక్షన్ చెబుతుంది. వయసు రుజువు లేదని తిప్పి పంపకూడదని పద్నాలుగో సెక్షన్ చెబుతుంది. అయినా ఆ సారు మీద నాకు కోపం రాలేదు. పాఠం చెప్పాలి, భోజనం లెక్క రాయాలి, హాజరు అప్‌లోడ్ చేయాలి, సర్వే అంటే సర్వేకు పోవాలి. ఇన్ని పనుల మధ్య ఒక తల్లిని కూర్చోబెట్టుకుని కాగితాలు చక్కదిద్దే తీరిక ఆయనకు ఎక్కడ దొరుకుతుంది?

నేను అడిగేవి రెండే. ప్రతి సర్కారు బడికీ ఒక మనిషి కావాలి. పాఠం చెప్పడానికి కాదు, కుటుంబాన్ని పట్టించుకోవడానికి. ఆధార్ తప్పు దిద్దించేది, బస్తీ దవాఖానాకు పంపేది, మూడు రోజులు రాని పిల్ల ఇంటికి వెళ్లి తలుపు తట్టేది ఆ మనిషే. రెండోది, చంటి పిల్లల కోసం బడి ఆవరణలోనే ఒక గది, ఒక ఆయమ్మ. మూడేళ్లు నిండితే అంగన్‌వాడీ ఉంది. ఏడాదిన్నర వాణ్ణి సాయంత్రం దాకా చూసుకునే చోటు ఈ ఐటీ నగరంలో కూలి తల్లికి లేదు.

ఇది కొత్త ఊహేమీ కాదు. ఇదే రంగారెడ్డి జిల్లా పల్లెల్లో ఎంవీ ఫౌండేషన్ 1991 నుంచి చేసి చూపించింది. గచ్చిబౌలి సెంట్రల్ యూనివర్సిటీలో రాజనీతి శాస్త్రం చెప్పిన శాంతా సిన్హా దాన్ని నడిపించారు. పొలాల్లో, పశువుల వెంట, ఇంటి చాకిరీలో ఉన్న పిల్లలను శిబిరాల్లో చేర్చారు. నెలల తరబడి చదివించి వయసుకు తగ్గ తరగతిలో కూర్చోబెట్టారు. ఊరి కుర్రాళ్లే ఇల్లిల్లూ తిరిగారు. పేదలు పిల్లల్ని బడికి పంపరన్న మాటను వాళ్లు ఒప్పుకోలేదు. పంపాలనే అందరికీ ఉంటుంది, గడప దగ్గర అడ్డంకులు ఎన్ని పెడుతున్నామో చూసుకోండి అన్నారు. ఆ పనికే 2003లో ఆమెకు మెగసెసే అవార్డు వచ్చింది. ఇప్పుడు ఆ పల్లెలే గచ్చిబౌలికి తరలి వచ్చాయి. పిల్లలు వచ్చారు, వాళ్ల వెంట తిరిగే మనిషి రాలేదు.

అంతకు చాలా ముందే, న్యూయార్క్‌లోని ఈస్ట్ హార్లెమ్‌లో 1934లో లియొనార్డ్ కొవెల్లో ఒక హైస్కూలు నడపడం మొదలుపెట్టాడు. ఆయనా ఇటలీ నుంచి వలస వచ్చినవాడే. సాయంత్రాలు బడి తలుపులు పెద్దవాళ్లకు తెరిచి ఇంగ్లిష్ నేర్పించాడు, పౌరసత్వం కాగితాలకు సాయం చేయించాడు. వలస వచ్చినవాడికి మొదట కావలసింది కాగితమేనని ఆయనకు సొంత అనుభవం. మనకూ ఆ దారి తెలుసు. మహేశ్ భగవత్ రాచకొండ పోలీసు కమిషనర్‌గా ఉన్నప్పుడు ఇటుక బట్టీల దగ్గర ఒడిశా పిల్లలకు ఒడియాలోనే చెప్పే బళ్లు పెట్టించారు. పోలీసులు చేయగలిగినది విద్యాశాఖకు చేతకాదా?

డబ్బు లేదని మాత్రం ఎవరూ నాకు చెప్పవద్దు. 2023 ఆగస్టులో కోకాపేటలో ఎకరం 100.75 కోట్లకు పోయింది. పెద్ద కంపెనీలు లాభంలో 2 శాతం సమాజం కోసం ఖర్చు చేయాలన్న నిబంధన 2014 నుంచి ఉంది. ఆ డబ్బు బడికి వచ్చినప్పుడు ఏమవుతుందో ఏళ్ల తరబడి చూస్తున్నాను. శనివారం ఉద్యోగులు బస్సు దిగుతారు, ఒకే రంగు టీషర్టులు వేసుకుంటారు, గోడల మీద సీతాకోకచిలుకలు గీస్తారు, ఫోటో దిగి వెళ్తారు. మళ్లీ ఏడాది ఇంకో కంపెనీ వచ్చి అదే గోడకు ఇంకో రంగు వేస్తుంది. గీసిన పిల్లల మనసు మంచిదే, వాళ్లలో మా బంధువుల పిల్లలూ ఉన్నారు. కానీ గోడ జీతం అడగదు, ఆయమ్మ అడుగుతుంది. అందుకే డబ్బు గోడకే పోతోంది. ఒక్క కంపెనీ ఒక్క బడిలో ఒక మనిషికి పదేళ్ల జీతం ఇస్తానని ముందుకొస్తే ఆ కంపెనీ పేరు నేనే ఇక్కడ రాస్తాను.

కట్టడాల సెస్సు సంగతీ అంతే. ఖర్చులో 1 శాతం కూలీల సంక్షేమానికి చెల్లించాలి. వంద కోట్ల టవరుకు కోటి రూపాయలు. యాభై మందికి మించి ఆడవాళ్లు పనిచేసే చోట ఆరేళ్లలోపు పిల్లలకు గది ఉండాలని 1996 నాటి చట్టంలోనే రాశారు. ఈ చుట్టుపక్కల అలాంటి గది నేను రెండు చోట్లే చూశాను.

బడిలో ఉదయం పలహారం మాటా ఇక్కడే అనాలి. మన దగ్గర 2023 అక్టోబరు 6న మొదలుపెట్టారు, నిలదొక్కుకోలేదు. తమిళనాడు 2022లో మొదలుపెట్టి, ఏడాదిలో ప్రభుత్వ ప్రాథమిక బళ్లన్నిటికీ విస్తరించింది. తల్లి ఆరింటికే పనికి పోయే ఇంట్లో పొయ్యి ఎవరు వెలిగిస్తారు?

గురువారం ఆ తల్లీపిల్లలతో నేనూ బడికి నడిచాను. అర కిలోమీటరు కూడా లేదు. ఫుట్‌పాత్ మీద ట్రాన్స్‌ఫార్మరు, దాటితే టీ బండి, దాటితే తవ్విన గుంత. రోడ్డు దాటడానికి మాకు ఎనిమిది నిమిషాలు పట్టింది. 2022 నవంబరులో శిల్పా లేఅవుట్ ఫ్లైఓవర్, 2023 జనవరి 1న కొత్తగూడ ఫ్లైఓవర్ తెరిచారు. కార్లకు ఆకాశంలో దారి వేసిన ఊరు, పలక పట్టుకున్న పిల్లకు నేల మీద నాలుగడుగుల బాట ఇవ్వలేదు. విద్యాహక్కు కింద ఒకటి నుంచి ఐదు తరగతుల పిల్లలకు కిలోమీటరులోపు బడి ఉండాలి. ఆ కిలోమీటరు నడవగలిగేలా ఉండాలని కూడా రాయాల్సింది. 

బడిలో సారుకు సెక్షన్ నంబరు చెప్పాను. సారు చిరాకు పడలేదు, పేరు రాసుకున్నారు. నాలుగో తరగతి. పుస్తకాలు కూడా ఇచ్చారు. ఇంటికొచ్చేదాకా పిల్ల వాటిని తల్లి చేతికి ఇవ్వలేదు.

శుక్రవారం పదిన్నరకు మళ్లీ మెట్ల మీద ఉంది. తెలుగు వాచకం మోకాళ్ల మీద తెరిచి పెట్టుకుంది. తమ్ముడు పేజీ లాగుతుంటే వాడి చెయ్యి తీసేస్తోంది.