బడికి నర్సు కావాలి, ఆయమ్మ ఒక్కతే చాలదు

హోసూరు, తళి, డెంకణికోట వైపు మన తెలుగు పిల్లలు చదివే బడుల్లో ఒక పిల్ల కళ్లు తిరిగి పడిపోతే ఎవరు చూస్తారు? టీచరు నీళ్లు చల్లుతుంది, ఆయమ్మ విసురుతుంది. కాని అది ఆకలా, రక్తహీనతా, మూర్ఛా అని గమనించి వెంటనే ఆసుపత్రికి పంపాలో వద్దో చెప్పడానికి చదువుకున్న కన్ను కావాలి.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందంలో ఇద్దరు ఆయుష్ వైద్యులు, ఒక నర్సు లేదా ఏఎన్ఎం, ఒక ఫార్మసిస్టు ఉండాలి. మంచి పథకమే. అయితే ఆ బృందం బడికి వచ్చేది ఏడాదికి ఒకసారి. ఆస్తమా ఆ వ్యాను వచ్చే రోజు చూసుకుని రాదు. 2020లో ఆయుష్మాన్ భారత్ కింద బడికి ఇద్దరు ఉపాధ్యాయులను ఆరోగ్య రాయబారులుగా పెట్టాలన్నారు. ఆరోగ్య పాఠాలు చెప్పడానికి అది సరిపోతుంది, రోగిని చూడడానికి కాదు.

"నర్సుకు జీతం ఎక్కడ తెస్తాం? కొద్దిరోజులు నేర్పించి సహాయకురాలిని పెడితే పోదా?" అనేవారున్నారు. సహాయకురాలి విలువ మేము కాదనం. ఆమె ఊరి మనిషి, పిల్లలతో తెలుగులో మాట్లాడుతుంది, తల్లులను ఎరుగును. వారానికొక ఐరన్ మాత్ర మింగించడం ఆమె చేయగలదు. ఆమె నర్సు పక్కన ఉండాలి, నర్సుకు బదులు కాదు. నర్సు ఏళ్ల తరబడి చదివి, కౌన్సిల్‌లో పేరు నమోదు చేసుకుని జవాబుదారీగా ఉంటుంది. సహాయకురాలికి ఆ చదువూ లేదు, ఆ రక్షణా లేదు. తక్కువ జీతానికి పెద్ద బరువు మోపి, బిడ్డకేమైనా అయితే నింద ఆమె మీదే వేస్తాం. ఇది బిడ్డకూ అన్యాయం, ఆమెకూ అన్యాయం.

1902లో న్యూయార్క్‌లో లీనా రోజర్స్ అనే నర్సును నాలుగు బడుల్లో ప్రయోగంగా పెట్టారు. జబ్బు పిల్లలను ఇంటికి తరిమేయకుండా ఆమె మందు వేసింది, ఇళ్లకు వెళ్లి తల్లులకు చెప్పింది. మానేసిన పిల్లలు బడికి తిరిగొచ్చారు. నగరం మరికొందరు నర్సులను తీసుకుంది. మనకు దగ్గరలోని వేలూరులో ఐడా స్కడ్డర్ 1909లోనే నర్సులకు శిక్షణ మొదలుపెట్టారు. సేవకు మంచి మనసుతో పాటు చదువూ కావాలని ఆమెకు తెలుసు.

మంచి సమరయుడు జాలిపడి ఊరుకోలేదు. గాయాలు కట్టాడు, పూటకూళ్లవానికి తన డబ్బు ఇచ్చాడు. కనికరానికి ఖర్చుంటుంది.

కాబట్టి మొదట మన సంఘాలు నడిపే బడులనే అడుగుదాం: మీ బడిలో నర్సు ఉందా? లేకపోతే దగ్గరి రెండు మూడు బడులు కలిసి ఒక నర్సును పెట్టుకోలేవా? ఆ తర్వాత యువత ప్రభుత్వ బడుల యాజమాన్య కమిటీ సమావేశాల్లో ఇదే ప్రశ్న వేయాలి. మన ఇంట్లో దీపం పెట్టుకుంటేనే వీధిలో వెలుగు అడగగలం.